ఎదురింటి ముసలి చిలక



నిరుడు ఫిబ్రవరిలో మా ఎదురింటి దంపతులు అమెరికాలో ఉన్న కూతురి రెండో కాన్పుకని బయల్దేరారు. ఆర్నెల్ల ప్రయాణం. ఇంటికి తాళం వేయొచ్చు. మొక్కలకు వాచ్‌మన్ నీళ్ళు పోస్తాడు. మరి రాజా? రాజా వాళ్ళ చిలక. మన రామచిలక కాదు, ఆఫ్రికన్ గ్రే. ఒళ్ళంతా బూడిదరంగు, తోక ఒక్కటే కుంకుమ ఎరుపు. వయసు 27 ఏళ్ళు. ఆ కూతురు మూడో క్లాసు చదువుతుండగా ఇంటికొచ్చిందట. పంజరం మా హాల్లో పెట్టించి, ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "వదినగారూ, గింజలు వేసి నీళ్ళు పెడితే చాలు. జబ్బూ జ్వరం ఎరగదు" అంది.

ఆ చివరి మాట నిజం కాదని నాకు పన్నెండో రోజున తెలిసింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న కంటికి, రోజుకు పిసరంత చొప్పున వచ్చే మార్పు ఆనదు. ఇంట్లో అమ్మ నడక మారిన సంగతి మనకన్నా ముందు, ఏడాదికోసారి వచ్చే మేనమామ కనిపెడతాడు చూడండి, అలాగ. ముసలి పక్షిని కొన్నాళ్ళు చూసుకోవడానికి ఇంటికి తెచ్చుకున్న మనది ఆ మేనమామ చూపు. కాకపోతే మనకూ ఒక కొరత ఉంది. అది మామూలుగా ఎలా ఉంటుందో మనకు తెలియదు. పెంచినవాళ్ళకు మామూలు తెలుసు, మార్పు కనపడదు. మనకు అన్నీ కనపడతాయి, వాటిలో ఏది మార్పో తెలియదు. ఈ రెంటినీ కలిపి కుట్టే దారం ఒక నోటుపుస్తకం, ఒక చిన్న కాటా. నేను ఇవాళ చెప్పేదంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు వయసు సంగతి. చిలకలన్నిటికీ ఒకే ఈడున ముసలితనం రాదు. సంతల్లో జతలుగా అమ్ముతూ, లవ్‌బర్డ్స్ అని మనవాళ్ళు పిలుచుకునే బడ్జెరిగార్లకు ఆరేడేళ్ళొస్తే వార్ధక్యమే. తలమీద కుచ్చుండే కాకటీల్‌కు పదిహేనేళ్ళు దాటితే పెద్దవయసు. గ్రే, మకావ్ లాంటి పెద్దజాతులు నలభై, యాభై ఏళ్ళు కూడా బతుకుతాయి. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 1977లో ఒక దుకాణంలో కొని ముప్పయ్యేళ్ళపాటు చదువు చెప్పిన అలెక్స్ కూడా ఆఫ్రికన్ గ్రేనే. రంగులు చెప్పేది, ఆకారాలు చెప్పేది, ఎదురుగా పెట్టిన వస్తువులు లెక్కపెట్టి చెప్పేది. ప్రపంచమంతా ఎరిగిన ఆ పక్షి 2007 సెప్టెంబరులో ఒక ఉదయం పంజరంలో చనిపోయి కనపడింది. అప్పటికి దానికి 31 ఏళ్ళు. ముందురోజు దాకా పాఠాలు చెప్పించుకుంది. గ్రేలలోనూ అమెజాన్ చిలకల్లోనూ రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు తరచుగా వస్తుంది. మనుషులకు వచ్చేలాంటిదే. చాలాసార్లు బయటికి ఒక్క సూచన కూడా ఇవ్వదు.

ఇవ్వకపోవడం వాటి స్వభావంలోనే ఉంది. అడవిలో గుంపులో నీరసంగా కనపడిన పక్షినే డేగ ముందు తన్నుకుపోతుంది. అందుకని చిలక ఒంట్లో శక్తి ఉన్నంతవరకు బాగున్నట్టే నిలబడుతుంది. మనుషులు చూస్తున్నప్పుడు నిటారుగా కూర్చుంటుంది, మనం గది దాటగానే ఈకలు ఉబ్బించుకుని కళ్ళు మూస్తుంది. దాని జబ్బు మనకంట పడిందంటే అప్పటికే చాలా దూరం వెళ్ళిందన్నమాట. అందుకే కొత్తగా వచ్చిన పక్షిని మొదటి వారం తలుపు సందులోంచి, తనకు తెలియకుండా రోజుకో పావుగంట గమనించమంటాను. పగటిపూట ఎక్కువసేపు కునుకుతోందా? ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోందా? కర్ర దిగి పంజరం అడుగున కూర్చుంటోందా? ఈ చివరిది కనపడితే మర్నాటి దాకా ఆగకూడదు.

ఇక కాటా. ఒక్కొక్క గ్రాము చూపించే వంటింటి డిజిటల్ కాటా చాలు. దానిమీద ఒక చిన్న కర్రో, ప్లాస్టిక్ డబ్బానో పెట్టి, సున్నాకు తెచ్చి, పక్షిని ఎక్కించాలి. పొద్దున్నే మొదటి రెట్ట వేశాక, మేత పెట్టకముందు, రోజూ అదే వేళకు. చిలక ఒంటినిండా ఈకలే కాబట్టి చిక్కిపోయినా కంటికి బొద్దుగానే ఉంటుంది. ఎంత చిక్కిందో కాటా ఒక్కటే చెబుతుంది. ఉన్న బరువులో పదోవంతు తగ్గితే అది ప్రమాదం కిందే లెక్క. మనిషికి పదోవంతు తగ్గడం నెలల మాట. పక్షికి వారం చాలు.

రాజా వచ్చిన రోజు 438 గ్రాములు. కాటా మీట నొక్కగానే కీచుమని ఒక చప్పుడొస్తుంది, దానికి తల వంచి చూసేది. అయిదో రోజు 429. కొత్తచోటు కదా, బెంగపెట్టుకుందేమో అనుకున్నాను. ఎనిమిదో రోజు 417. గిన్నె చూస్తే నిండుగానే ఉంది, అడుగున పొట్టూ పడుతోంది, అంటే తింటోందనే కదా. పన్నెండో రోజు 402. ఆ పూటే అట్టపెట్టెకు గాలి కన్నాలు పెట్టి, అడుగున తువ్వాలు పరిచి, ఊరి అటు చివర ఉన్న పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన చిన్న దీపం వేసి కళ్ళలోకి చూశారు, కాళ్ళు ఒక్కొక్కటే మడిచి చూశారు, ఎక్స్‌రే తీశారు. కుడి కంట్లో శుక్లం. ఎడమకాలి కీళ్ళు బిగుసుకుపోయాయి. "పెంచినవాళ్ళింట్లో గిన్నె ఎటువైపు ఉండేదమ్మా?" అని అడిగారు. నాకు గుండె జారిపోయింది. తెచ్చిన రోజే నేను పంజరమంతా శుభ్రంగా కడిగి, పాత కర్రలు తీసేసి దుకాణంలో నున్నటి కొత్త కర్రలు కొని పెట్టి, గిన్నెను నాకు అందుబాటుగా ఉండేలా కుడివైపుకు మార్చాను. చూపులేని కంటివైపు. నున్నటి కర్రమీద పట్టు దొరకని కాలితో, కనపడని గిన్నె దాకా అది రోజుకు ఒకటి రెండుసార్లే వెళ్ళగలిగింది. వెళ్ళి తిన్న నాలుగు గింజల పొట్టు, నేను పైపైన పోస్తూ వచ్చిన కొత్త గింజలు కలిసి గిన్నె ఎప్పుడూ నిండుగానే కనపడింది. ప్రేమతో చేసిన పని ఆ పక్షిని పన్నెండు రోజులు పస్తులుంచింది.

ఆ రాత్రి ఎదురింటివాళ్ళకు ఫోన్ చేసి, పంజరం పాత ఫొటోలుంటే పంపమన్నాను. ఎప్పుడో పుట్టినరోజు ఫొటో వెనకాల పంజరం కనపడింది. దాన్ని చూసుకుంటూ ఎక్కడివక్కడ సర్దాను. గిన్నె ఎడమకు. నున్నటి కర్రలు తీసేసి, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉండే జామకొమ్మ, అదీ కిందుగా. ఒకే మందం ఉన్న కర్రమీద ఏళ్ళతరబడి నిలబడితే అరికాలు ఒకేచోట ఒరుసుకుని పుండు పడుతుంది. కొమ్మ అయితే పట్టు మారుతూ ఉంటుంది. నొప్పి కాలికి ఆసరాగా ఒక చదునైన చెక్క కూడా బిగించాను. నొప్పికి డాక్టరు ఇచ్చిన మందు చుక్కల లెక్కన నోట్లో వేశాను. ముప్పయ్యో రోజుకు 431 వచ్చింది. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పిమాత్ర అరముక్క వేస్తే పోదా అని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. 400 గ్రాముల ప్రాణి అది.

కాబట్టి నా మొదటి మాట ఇది. ముసలి పక్షి ఇంటికొచ్చినప్పుడు పంజరం మార్చొద్దు, లోపలి సామాను సర్దొద్దు, వేళలు మార్చొద్దు. తెచ్చుకునే ముందే వాళ్ళింట్లో పంజరాన్ని నాలుగువైపుల నుంచీ ఫోన్లో ఫొటోలు తీసుకోండి. బాగుచేయాల్సినవి ఉంటాయి, నిజమే. రోజూ తూకం వేస్తూ, ఒక్కొక్కటే మారుస్తూ, వారం ఆగి మళ్ళీ చూసుకుంటూ చేయండి.

తిండి విషయంలో ఈ నిదానం మరీ అవసరం. మన దగ్గర ముసలి చిలకలు చాలామటుకు పొద్దుతిరుగుడు గింజలతోనో పల్లీలతోనో పెరిగినవే. నూనె గింజలు రుచికి బాగుంటాయి, కొవ్వెక్కువ. వాటిలో విటమిన్ ఏ, కాల్షియం దాదాపు లేవు. ఏళ్ళ తరబడి ఇవే తిన్న పక్షికి కాలేయంలో కొవ్వు పడుతుంది. ముక్కు అతిగా పెరిగిపోయిందంటే అది ముక్కుజబ్బు కాకపోవచ్చు, కాలేయం చెప్పుకుంటున్న బాధ కావచ్చు. విటమిన్ ఏ చాలక నోటిలోపలి, ముక్కులోపలి పొరలు మందమై ఊరికూరికే జలుబు చేస్తుంది. ఆఫ్రికన్ గ్రేలకు కాల్షియం పడిపోతే మూర్ఛలొస్తాయి. కర్రమీంచి పడి, రెక్కలు కొట్టుకుని గిలగిల్లాడిపోయే పక్షిని చూసి దిష్టి తగిలిందనుకున్నవాళ్ళున్నారు. అది రక్తపరీక్షతో తేలే జబ్బు, మందున్న జబ్బు.

అందుకని రేపట్నుంచి గింజలు మానేసి, పెల్లెట్లనే తయారీ మేత పోద్దామా అంటే, వద్దు. ఇరవయ్యేళ్ళు గింజలే ఎరిగిన పక్షి పెల్లెట్‌ను ఆహారమని గుర్తుపట్టక ఆకలితో చచ్చిపోగలదు. పాత మేత అలాగే ఉంచి, పక్కన కొత్త రుచులు పెట్టండి. మునగాకు రెమ్మ పంజరానికి వేలాడదీస్తే రాజా మూడోరోజుకు పీకడం మొదలుపెట్టింది. ఉడకబెట్టిన చిలగడదుంప, క్యారెట్, ఎర్ర క్యాప్సికం, జామపండు, కొర్రకంకి ఇవన్నీ మన బజారులో దొరికేవే. పాలకూర మాత్రం తరచుగా వద్దు, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. పల్లీలు పెడితే బూజు వాసన లేనివి, మనం తినడానికి ఏరుకునేంత మంచివి పెట్టాలి. బూజులో పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం గ్రేల ఊపిరితిత్తులకు చేటు, అది విడుదల చేసే విషం కాలేయానికి చేటు. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లిపాయ, ఉప్పెక్కువున్న కారప్పూసలాంటివి అసలు చూపించనే వద్దు.

పొగ సంగతి నేను ఇంకాస్త గట్టిగా చెప్పాలి. పక్షికి ఊపిరితిత్తులతోపాటు ఒంటినిండా గాలితిత్తులు కూడా ఉంటాయి. గాలి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా ఊపిరితిత్తులగుండా కొత్తగాలి పోతూనే ఉంటుంది. ఎగరడానికి ప్రకృతి ఇచ్చిన వరం అది. విషపు గాలికి కూడా అదే తలుపు. వెనకటికి ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి చిన్న పిట్టల్ని పట్టుకెళ్ళింది ఇందుకే, మనిషికన్నా ముందు అవి పడిపోతాయని. మన వంటిళ్ళలో నాన్‌స్టిక్ పెనం పొయ్యిమీద పెట్టి ఫోనొచ్చిందని అవతలికి వెళ్తాం. ఖాళీ పెనం మితిమీరి కాగితే దాని పూత నుంచి వచ్చే ఆవిరి మన ముక్కుకు తెలియదు. పక్కగదిలో ఉన్న చిలక నిమిషాల్లో చనిపోతుంది. దానికి చికిత్సకు కూడా వ్యవధి ఉండదు. రాజా ఉన్న ఆర్నెల్లూ మా ఇంట్లో ఇనప పెనమే. అగరొత్తులు, సాంబ్రాణి, కర్పూరం, దోమల కాయిల్, ఎండుమిర్చి పోపు ఘాటు, బాత్రూం కడిగే ఆసిడ్ వాసన, ఇవన్నీ ఆ లెక్కలోవే. ఉగాదినాడు పూజ చేసుకున్నాను, అటువైపు తలుపు మూసి, పంజరాన్ని బాల్కనీ పక్కగదిలో పెట్టి.

రెట్ట గురించి మాట్లాడటానికి మొహమాటపడకండి, డాక్టరు మొదట అడిగేది దాని గురించే. పంజరం అడుగున తెల్ల కాగితం పరిచి రోజూ మార్చండి. న్యూస్‌పేపర్‌కన్నా తెల్లకాగితం మీద రంగులు బాగా తెలుస్తాయి. అందులో మూడుంటాయి: ఆకుపచ్చో గోధుమరంగో ఉన్న మలం, సున్నంలాంటి తెల్లటి భాగం, చుట్టూ కాస్త నీరు. తెల్లటిది పసుపుపచ్చగానో లేత ఆకుపచ్చగానో మారితే కాలేయం వైపు అనుమానించాలి. అరగని గింజలు యథాతథంగా పడుతుంటే అదొక సూచన. దానిమ్మో బీట్‌రూటో తిన్న రోజు ఎర్రగా పడితే కంగారు అక్కర్లేదు, కాబట్టి ఏం తిన్నదో కూడా పుస్తకంలో రాసుకోవాలి.

రాజా దగ్గు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఖళ్ళు ఖళ్ళుమని, కఫం తెగని పెద్దమనిషి దగ్గినట్టు. ఊపిరితిత్తుల జబ్బే అనుకున్నాను. డాక్టరుకు రికార్డు చేసి వినిపించాను. "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అన్నారు. ఎదురింటి మాస్టారికి పదేళ్ళుగా ఉబ్బసం. నాలుగున్నరకు లేచి దగ్గుతారు. అది ఆయన దగ్గు. ఆయన సముద్రం అవతల ఉంటే, ఆ చిలక ఆయన వేళకు ఆయన దగ్గు దగ్గుతోంది. నిజంగా ఊపిరి అందని పక్షి అంత ఖంగున దగ్గలేదు. దాని గొంతు మూగబోతుంది, నోరు తెరిచి ఆయాసపడుతుంది, ముక్కురంధ్రాల దగ్గర తడి కనపడుతుంది. ఈ తేడా తెలియాలంటే ఇంటివాళ్ళను ముందే అడగాలి: ఇది ఏయే చప్పుళ్ళు చేస్తుంది, ఏ వేళకు చేస్తుంది అని.

బెంగ కూడా జబ్బే. ఏప్రిల్‌లో రాజా రొమ్ముమీద ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది. బెంగ అని మనమే తేల్చేయకూడదు. కాలేయం, చర్మం, లోపలి నొప్పి, వైరస్ జబ్బులు, ఇవి కావని డాక్టరు చెప్పాకనే బెంగ. రాజాది బెంగేనని తేలాక, రోజూ పొద్దున ఎదురింటావిడ గొంతు ఫోన్లో వినిపించాను. మొదటి రెండు రోజులు ఇంకా అలజడి పడింది, ఆవిడకోసం గదంతా వెతికింది. మూడోరోజు నుంచి కుదుటపడింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ఇంకో పక్షికి ఇదే పని చేస్తే పదిరోజులైనా ఊరడిల్లలేదు, మానేశాను. చీకటిపడ్డాక పది పన్నెండు గంటల నిద్ర మాత్రం అన్నిటికీ కావాలి. టీవీ ఉన్న హాల్లో ముసలి పక్షికి ఆ నిద్ర దక్కదు.

మే నెల ఎండల్లో కూడా పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టిందంటే ఉక్క తట్టుకోలేకపోతోందని. నీళ్ళు సన్నగా చిలకరించి నీడకు మార్చాలి. పంజరం బయట వదిలినప్పుడు సీలింగ్ ఫాన్ ఆపడం మరవకండి. పట్టుకోవాల్సి వస్తే మెడా కాళ్ళూ ఆనించి పట్టుకోవాలి తప్ప రొమ్ము నొక్కకూడదు. పక్షికి మనలా ఉదరవితానం లేదు, రొమ్ము ఎత్తుతూ దించుతూ ఊపిరి తీస్తుంది. ఒడిసిపట్టుకుంటే ఊపిరాగిపోతుంది.

మనుషుల ఆరోగ్యం మాటకొస్తే, చిలకల నుంచి మనకు వచ్చే జబ్బు ఒకటుంది, సిట్టకోసిస్. 1929-30లో చాలా దేశాల్లో జనం ప్రాణాలు తీసింది. క్లమిడియా సిట్టసీ అనే బాక్టీరియా ఎండిన రెట్ట ధూళిలోంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్షి పైకి బాగానే ఉండి, ఇల్లు మారిన ఒత్తిడిలో దాన్ని విసర్జించవచ్చు. అందుకే పంజరాన్ని పొడిగా ఊడవొద్దు, తడిపి, మాస్కు పెట్టుకుని తుడవండి. మీ ఇంట్లో వేరే పక్షులుంటే కొత్తదాన్ని నెలరోజులైనా వేరే గదిలో ఉంచి, మీ పక్షుల పని ముందు, దాని పని తర్వాత చేసుకోండి. మీకు వారం రెండు వారాల్లో జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే డాక్టరుతో 'మా ఇంట్లో చిలక ఉంది' అనే ఒక్క మాట చెప్పండి. తగ్గించే మందులున్నాయి, అనుమానం రావడమే కష్టం. గ్రేలూ కాకటీళ్ళూ తెల్లటి పొడి రాలుస్తాయి కాబట్టి ఉబ్బసం ఉన్న ఇంటివాళ్ళు అసలు ఒప్పుకునే ముందే ఆలోచించుకోవాలి.

రామచిలకల సంగతి వేరు. పన్నెండు రోజులు చిలకను పంజరంలో ఉంచినందుకు రామదాసు పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో ఉన్నాడని మన పెద్దలు చెప్పుకున్నారు. ఇవాళ చట్టం కూడా ఆ మాటే అంటోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశవాళీ చిలకల్ని పెంచడం నేరం. ఎవరైనా చనిపోయిన తాతగారి రామచిలకను తెచ్చి ఇస్తే, పుణ్యమని మేడమీంచి వదిలేయకండి. పదిహేనేళ్ళు పంజరంలో ఉన్నదానికి ఎగరడానికి కండ ఉండదు, మేత వెతుక్కోవడం రాదు, సాయంత్రంలోగా కాకుల పాలో పిల్లుల పాలో అవుతుంది. అటవీశాఖ వాళ్ళకు అప్పగించాలి. గ్రే, మకావ్ లాంటి విదేశీ చిలకలైతే 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆ కాగితం నకలు పక్షితోపాటు మీ దగ్గర పెట్టుకోండి.

ఇంకో కాగితం కూడా కావాలి, దాన్ని అడగడానికి మనసొప్పదు. పెంచినవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు పక్షికి ప్రాణంమీదికొస్తే ఎంతదాకా వైద్యం చేయించాలి? ఖర్చెవరిది? బాధ భరించలేని స్థితిలో ఉందని డాక్టరు చెబితే నిర్ణయం ఎవరిది? అమెరికాలో అర్ధరాత్రి అయినప్పుడు ఫోనెత్తకపోతే? నేను రాజా విషయంలో ఇది అడగలేదు. డాక్టరు గది బయట బల్లమీద పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ గంటలో, అడిగుంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ తర్వాత తెచ్చుకున్న రెండు పక్షులకూ ముందే రాయించుకున్నాను. ఒకావిడ రాస్తూ ఏడ్చింది. అయినా రాసింది.

ఆగస్టులో ఎదురింటివాళ్ళు మనవరాలి ఫొటోలతో తిరిగొచ్చారు. రాజాను చూడగానే మాస్టారు దగ్గారు, అదీ దగ్గింది. నేను నోటుపుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. 183 రోజుల తూకాలు, తిన్నవి, రెట్ట రంగులు, ఏ కాలు ఎప్పుడు ఎత్తిపెట్టుకుందో. ఆవిడ సోఫాలో కూర్చుని చివరిదాకా చదివింది. చదివి లేచి పంజరం కుడివైపుకు వెళ్ళి, చేయి మెల్లగా ఊపింది. రాజా కదల్లేదు. "ఎప్పట్నుంచి కనపడటం లేదో దీనికి" అంది, నన్నుకాదు, దాన్నే అడుగుతున్నట్టు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి ఎదురింట్లోంచి కీచుమని కాటా చప్పుడు రెండుసార్లు వినపడుతుంది. మొదటిది రాజా చేస్తుంది, తనను తూయమని. రెండోది కాటాది.